బండి మొరాయిస్తే చూడాల్సినవి మూడే: కిక్కు రాడ్డు వెనక 140 ఏళ్ల కథ

ఈ పోస్టు కాస్త పొడుగే. తీరిగ్గా చదవండి, పనికొస్తుందనిపిస్తే దాచుకోండి.

రాత్రి దాకా బాగానే తిరిగిన బండి పొద్దున్నే మొరాయించడం మనలో చూడనివాళ్లు ఉండరు. మిర్చి శాంపిల్ పట్టుకుని యార్డుకి పోవాలి, లేదా ఎండెక్కకముందే మందు కొట్టడం అయిపోవాలి. సరిగ్గా ఆ రోజే బండి స్టార్ట్ కాదు. పది కిక్కులు కొడతాం, చోక్ లాగుతాం, ఇంకో పది కొడతాం, ట్యాంకు ఊపి చూస్తాం, పిల్లల చేత తోయిస్తాం. ఆ తర్వాత ట్రాలీ ఆటోలో వేసి టౌనుకి. అక్కడ చాలాసార్లు ముందు మారేది చవక సామాను కాదు, ఖరీదైన సామాను. మా పక్క వీధిలో ఒకాయన బండికి బ్యాటరీ మార్చారు, కాయిల్ మార్చారు. చివరికి చూస్తే ప్లగ్గు క్యాపు లోపల తుప్పు. క్యాపు మారిస్తే సరిపోయేది. డబ్బు సంగతి అటుంచండి, మందు కొట్టాల్సిన అదను పోయింది. అదను పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. బండ్లు మారాయి, కంపెనీలు మారాయి, పెట్రోలు కూడా మారింది. కానీ ఇంజన్ అడిగేవి మొదటి రోజు నుంచీ మూడే: సరైన పాళ్లలో గాలి, పెట్రోలు, సరైన టైముకి నిప్పు, లోపల గట్టి ఒత్తిడి. మారిందల్లా ఈ మూట్లో ఏది ముందు చెడుతుంది, అది మన చేతికి అందుతుందా లేదా అన్నదే. అదెలా మారిందో తెలిస్తే, బండి ఆగినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.

ముందు ఒత్తిడి సంగతి. 1860లో ఫ్రాన్సులో లెన్వా అనే ఆయన గ్యాసుతో నడిచే ఇంజన్ చేశాడు. అందులో గ్యాసుని నొక్కకుండా అలాగే మండించేవాళ్లు. గ్యాసు చాలా తాగేది, పని తక్కువ చేసేది. 1876లో జర్మనీలో నికోలస్ ఒట్టో నాలుగు అడుగుల ఇంజన్ చేశాడు. పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం. మనం ఇవాళ ఫోర్ స్ట్రోక్ అంటున్నది అదే. ఇందులో కీలకం రెండో అడుగు, నొక్కడం. సైకిల్ పంపు చివర వేలు అడ్డం పెట్టి కొట్టి చూడండి, వేలుని ఎలా తోస్తుందో. అలా నొక్కిన తర్వాత మండిస్తేనే దెబ్బ గట్టిగా పడుతుంది. కిక్కు కొట్టేటప్పుడు కాలికి తగిలే ఆ బరువు ఒట్టో పెట్టిందే. కాలికి బరువు తగలకుండా కిక్కు ఊరికే కిందకి పోతోందంటే ఒత్తిడి పోయినట్టు.

ఒట్టో పనిచేసిన కంపెనీలోనే ఉండి బయటికొచ్చిన గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ ఇద్దరూ కలిసి 1885లో చెక్క చట్రానికి చిన్న ఇంజన్ బిగించారు. పెట్రోలుతో నడిచిన మొదటి మోటారు సైకిల్‌గా దాన్నే చెప్పుకుంటారు. 264 సీసీ, అర హార్స్ పవర్. దానికి ప్లగ్గు లేదు. ఒక చిన్న గొట్టాన్ని బయట మంటతో ఎర్రగా కాల్చి, ఆ వేడితో లోపల గ్యాసు అంటించేవాళ్లు. ఆ గొట్టం సీటు కిందే ఉండేది. డైమ్లర్ కొడుకు దాన్ని తోలినప్పుడు సీటుకి నిప్పంటుకుందని చెబుతారు. అప్పట్లో బండి స్టార్ట్ కావాలంటే ముందు పొయ్యి రాజేసినట్టు రాజేయాలన్నమాట.

ఆ బాధ తీర్చింది మాగ్నెట్టూ ప్లగ్గూ. 1902లో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లాబ్ హోనాల్డ్ వేల వోల్టుల కరెంటు పుట్టించే మాగ్నెట్టుని, దానికి సరిపడే ప్లగ్గుని తయారుచేశాడు. అయస్కాంతం తిరుగుతుంటే తీగచుట్టలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటుని సరైన క్షణంలో పుటుక్కున తెంపితే కాయిల్‌లో వేల వోల్టులు లేచి, ప్లగ్గు మొనల మధ్య ఖాళీని దూకుతుంది. ఆ దూకుడే స్పార్కు. బ్యాటరీ లేకపోయినా కిక్కు కొడితే స్పార్కు వచ్చేది.

ఆ కరెంటుని తెంపేవే పాయింట్లు. రాజ్‌దూత్, యెజ్డీ, లూనా తోలినవాళ్లకి పాయింట్ల గురించి వేరే చెప్పాలా! రెండు చిన్న లోహపు బొడిపెలు, ఇంజన్ తిరిగినప్పుడల్లా కలుస్తూ విడిపోతూ ఉంటాయి. వాటి మధ్య సందు మిల్లీమీటరులో మూడో వంతు, అటూ ఇటూగా. సందు కొలిచే పరికరం మన దగ్గర ఎక్కడిది? పెళ్లి శుభలేఖ ముక్కో, అట్టముక్కో పెట్టి చూసేవాళ్లు. పాయింట్లు నల్లబడితే ఉప్పు కాగితంతో రుద్దేవాళ్లు. ఎంత రుద్దినా మళ్లీ మళ్లీ కాలిపోతుంటే కండెన్సర్ పోయిందని పట్టేసేవాళ్లు. ఊరికొక మెకానిక్ లేని రోజుల్లో కూడా ఊరికి నలుగురు పాయింట్లు తెలిసినవాళ్లు ఉండేవాళ్లు.

ఇక్కడ ఒకటి గమనించండి. పాయింట్లు ఒక్కసారిగా చచ్చేవి కావు. ముందు వారం రోజులు బండి దగ్గేది, పొద్దున పూట ఎక్కువ కిక్కులు అడిగేది, ఎత్తు ఎక్కేటప్పుడు తడబడేది. ముసలి ఎద్దు పడిపోయే ముందు మేత మానేసినట్టు, పాత బండి చెప్పి ఆగేది.

తర్వాత సీడీఐ డబ్బా వచ్చింది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100లో ఉన్నది అదే. తర్వాత తర్వాత చిన్నబండ్లన్నిటికీ అదే అయింది. ఇందులో రుద్దుకునేవి లేవు, అరిగేవి లేవు, సందు సరిచేసే పనీ లేదు. ఏళ్ల తరబడి మూత తీయక్కర్లేదు. మనకి ఎంతో మేలు జరిగింది, కాదనను. కానీ దాన్ని విప్పి చూసే వీలు లేదు. పోతే దగ్గకుండా, చెప్పకుండా పోతుంది. నిన్న సాయంత్రం గుర్రంలా పరిగెత్తిన బండి ఇవాళ పొద్దున శవంలా ఉంటుంది. "ఉన్నట్టుండి స్టార్ట్ కాలేదు" అన్న మాట ఇప్పుడు ఇంత ఎక్కువగా వినబడటానికి ఇదొక కారణం.

ఇక పెట్రోలు. మొదట్లో పెట్రోలు ఉన్న గిన్నె మీదుగా గాలి పోనిచ్చి, ఆ ఆవిరినే ఇంజన్‌కి పంపేవాళ్లు. ఎండ ఎక్కువైతే ఒకలా, చలైతే ఇంకోలా నడిచేది. 1893లో మేబాక్ సన్నటి రంధ్రం నుంచి పెట్రోలుని చిమ్మే కార్బొరేటర్ చేశాడు. మనం మందు కొట్టే స్ప్రేయర్ నాజిల్ చూడండి, కిటుకు దాదాపు అలాంటిదే. కింద గిన్నెలో పెట్రోలు మట్టం ఒకేలా ఉండటానికి తేలే బుడ్డి ఒకటి ఉంటుంది. మేడ మీద నీళ్ల ట్యాంకులో బంతి పైకి లేస్తే నీళ్లు ఆగుతాయే, సరిగ్గా అదే పని. ఆ బుడ్డి కింద సూది ఇరుక్కుంటే రెండే జరుగుతాయి. పెట్రోలు అసలు రాదు, లేదా వరదలా వచ్చి ప్లగ్గుని ముంచేస్తుంది. నాజిల్‌లో నలక పడితే మందు ఎలా పడదో, జెట్టులో నలక పడితే పెట్రోలు అలాగే పడదు.

ఈ మూడూ ఒకచోట చేరి మన ఊళ్లకి ఎలా వచ్చాయి? రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక జపాన్‌లో రైళ్లు కిటకిట, పెట్రోలు కరువు. 1946లో సోయిచిరో హోండా అనే మెకానిక్, సైన్యం వాడి పారేసిన రేడియోల జనరేటర్ ఇంజన్లు కొని సైకిళ్లకి బిగించి అమ్మాడు. అదే హోండా కంపెనీకి మొదలు. 1958లో సూపర్ కబ్ అనే చిన్న బండి వచ్చింది. 2017 నాటికి కబ్ బండ్లు 10 కోట్లు దాటాయి.

మనకి 1972లో పూణె నుంచి లూనా వచ్చింది. సైకిల్‌లా తొక్కితే అంటుకునేది. 1980లో హోసూరు నుంచి ఇద్దరు ఎక్కే టీవీఎస్ 50 వచ్చింది. పాలక్యాన్లు, గడ్డిమోపులు, ఎరువు బస్తాలు, బడికి పోయే పిల్లలు, అన్నీ దాని మీదే. 1984 నుంచి 1986 లోపు జపాన్ కంపెనీల పొత్తుతో నాలుగు 100 సీసీ బండ్లు వరసగా దిగాయి: ఇండ్ సుజుకి, హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100, కవాసాకి బజాజ్. వీటిలో మూడు టూ స్ట్రోక్. ఒక్క సీడీ 100 మాత్రం ఫోర్ స్ట్రోక్. సిలిండర్ ముందుకి వాలి పడుకున్నట్టుండే ఆ ఇంజన్ కబ్ వంశానిదే. 1994లో వచ్చిన స్ప్లెండర్‌లోనూ ఆ వరసే.

టూ స్ట్రోక్ ఇంజన్ మనకి ఎందుకంత నచ్చింది? 1891 నాటికి ఇంగ్లండులో జోసెఫ్ డే అనే ఆయన చేసిన పద్ధతి అది. వాల్వులు లేవు, టాపెట్లు లేవు. విప్పితే చేతిలో పట్టేంత సామాను. కానీ పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. ఆ ఆయిలు సగం మండి ప్లగ్గు మొనల మధ్య మసి కడుతుంది. అందుకే టూ స్ట్రోక్ బండి ఆగిందంటే ఎవరూ ఆలోచించేవాళ్లు కాదు. ప్లగ్గు ఊడదీయడం, పెట్రోలుతో కడిగి రుద్దడం, మళ్లీ బిగించడం. పదిలో ఎనిమిదిసార్లు అంతటితో సరి. జేబులో ప్లగ్గు పానా, సీటు కింద పాత ప్లగ్గు లేకుండా ఎవరూ బయల్దేరేవాళ్లు కాదు. ఫోర్ స్ట్రోక్ వచ్చాక ప్లగ్గు మసి తగ్గింది, మైలేజీ పెరిగింది. దాంతోపాటు ప్లగ్గు పానా కూడా ఇంట్లోంచి మాయమైంది. మన దేశంలో బండ్ల పొగ మీద నిబంధనలు 1991లో మొదలై, 1996లో, 2000లో బిగిసి, టూ స్ట్రోక్‌ని క్రమంగా పక్కకి తోసేశాయి.

పెద్ద మార్పు 2020 ఏప్రిల్ 1న వచ్చింది, బీఎస్ 6. అప్పటి నుంచి కొత్త బండ్లు దాదాపు అన్నిటికీ కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. చివరికి మన ఎక్స్‌ఎల్ 100కి కూడా. ట్యాంకులో చిన్న కరెంటు పంపు, పెట్రోలుని చిమ్మే ఇంజెక్టర్, ఎంత చిమ్మాలో లెక్కగట్టే ఈసీయూ డబ్బా. చోక్ లాగే పని లేదు, చలికాలంలో కూడా ఒక్క దెబ్బకి లేస్తుంది. మరి లేవకపోతే? అక్కడే చిక్కు. పంపు తిరగాలన్నా, డబ్బా లెక్క కట్టాలన్నా కరెంటు కావాలి. పాత బండి బ్యాటరీ లేకుండా నడిచేది. కొత్తదానికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా లాభం ఉండకపోవచ్చు. బండి పడిపోతే ఇంజన్ ఆపేసే సెన్సార్ ఉన్నవి కొన్ని. సైడ్ స్టాండు తీయకపోతే స్టార్ట్ కానివి కొన్ని. గట్టు మీద జారి పడిన బండిని లేపి కిక్కు మీద కిక్కు కొడుతుంటారు. తాళం ఒకసారి ఆపి, కాసేపాగి మళ్లీ తిప్పితే చాలాసార్లు అదే లేస్తుంది.

పెట్రోలు కూడా మారిందన్నాను కదా. ఇథనాల్ కలపడం మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైంది. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2022కి 10 శాతం, 2025కి 20 శాతం అయింది. ఈ ఇథనాల్ చెరుకు నుంచి, నూకల నుంచి, మన మొక్కజొన్న నుంచి వస్తున్నదే. మన గింజ అమ్ముడుపోవడానికి అదొక దారి, మంచిదే. కానీ దాని గుణం తెలుసుకోవాలి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. ట్యాంకు సగం ఖాళీగా పెట్టి బండిని వానాకాలం నెలల తరబడి మూల నిలబెడితే లోపల తేమ చేరుతుంది. నీరు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది. అడుగున ఉన్నదే ముందు ఇంజన్‌కి పోతుంది. పాత బండ్లలో రబ్బరు పైపులు, వాషర్లు కూడా దీనికి త్వరగా దెబ్బతినొచ్చు. బండి రోజూ తిరగకపోతే ట్యాంకు నిండుగా ఉంచండి. పాత కార్బొరేటర్ బండి అయితే గిన్నె కింద స్క్రూ తిప్పి పాత పెట్రోలు వదిలేయండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. బండి మొరాయించింది. ఏ వరసలో చూడాలి?

మొదట చేతులతో కాదు, ప్రశ్నలతో మొదలుపెట్టండి. నడుస్తూ నడుస్తూ ఆగిందా, నిలబెట్టింది లేవలేదా? ఆగేముందు దగ్గిందా, టప్పున ఆగిందా? రాత్రి వాన పడిందా? నిన్న కడిగారా? పడిపోయిందా? దగ్గి దగ్గి ఆగితే చాలావరకు పెట్రోలు సంగతి. దీపం ఆర్పినట్టు టప్పున ఆగితే చాలావరకు నిప్పు సంగతి. ఒత్తిడి సాధారణంగా ఉన్నట్టుండి పోదు. రింగులు, బోరు అరగడం నెలల తరబడి జరుగుతుంది. పొగ రావడం, లాగుడు తగ్గడం ముందే కనబడతాయి. కాబట్టి ఉన్నట్టుండి ఆగిన బండికి బోరు పని అని ఎవరన్నా చెబితే, మిగతా రెండూ చూశారా అని అడగండి.

రెండోది, డబ్బు ఖర్చుకానివి. ఎర్ర స్విచ్చు ఆపేసి ఉందా? సైడ్ స్టాండు తీశారా? పెట్రోలు ఉందా, ట్యాప్ రిజర్వుకి తిప్పారా? ట్యాంకు మూత ఒకసారి తీసి పెట్టండి. మూతలో గాలి రంధ్రం మట్టితో పూడుకుపోతే పెట్రోలు కిందకి దిగదు. నోరు మూసిన సీసాలోంచి నీళ్లు రానట్టే. గడ్డివాము పక్కన పెట్టిన బండి అయితే సీటు లేపి వైర్లు చూడండి, ఎలుకలు కొరికి ఉంటాయి.

ఇంజెక్షన్ బండి అయితే తాళం తిప్పి చెవి దగ్గర పెట్టండి. రెండు మూడు సెకన్లు పంపు సన్నగా జుయ్‌మనాలి. శబ్దం లేకపోతే ఫ్యూజు, బ్యాటరీ, పంపు వైపు చూడాలి. ఇంజన్ గుర్తు లైటు తాళం తిప్పగానే వెలగడం మామూలే. స్టార్ట్ అయ్యాక కూడా ఆరకపోయినా, లెక్క పెట్టినట్టు మిణుకు మిణుకుమన్నా డబ్బా ఏదో చెబుతోందని అర్థం. ఎన్నిసార్లు మిణుకుమందో గుర్తుపెట్టుకుని మెకానిక్‌కి చెప్పండి. బండితో వచ్చిన చిన్న పుస్తకం పారేయకండి.

మూడోది, ప్లగ్గు. ఊడదీసి చూడండి. పొడిగా ఉందా, పెట్రోలు రావట్లేదు. తడిగా ఉందా, పెట్రోలు వస్తోంది కానీ నిప్పు లేదు, లేదా మునిగిపోయింది. మునిగితే ప్లగ్గు తుడిచి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొట్టండి, చోక్ మాత్రం లాగొద్దు.

నాలుగోది, నిప్పు. ప్లగ్గుని క్యాపులో పెట్టి, లోహపు ఒంటిని ఇంజన్‌కి గట్టిగా ఆనించి, కిక్కు కొట్టి చూడండి. నీలంగా, చిటుక్కున శబ్దంతో వస్తే మంచిది. ఎర్రగా, సన్నగా వస్తే బలం లేనట్టు. అసలు రాకపోతే ముందు ప్లగ్గు, తర్వాత క్యాపు, తర్వాత వైరు, ఆ తర్వాతే కాయిల్, సీడీఐ. చవక నుంచి ఖరీదుకి పోవాలి, ఖరీదు నుంచి చవకకి కాదు. రెండు జాగ్రత్తలు. ప్లగ్గుని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. క్యాపుని గాల్లో వదిలి కిక్కు కొట్టొద్దు, డబ్బా కాలిపోయే ప్రమాదం ఉంది. ఆ పక్కన పెట్రోలు ఒలికి ఉండకూడదు. బీడీ, అగ్గిపుల్ల దూరంగా పెట్టండి. ట్యాంకులోకి తొంగి చూడటానికి ఫోను లైటు ఉంది కదా.

చివరిది ఒత్తిడి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు నొక్కి పెట్టి ఇంకొకరి చేత కిక్కు కొట్టించండి. వేలుని తన్నేస్తే సరే. తన్నకపోతే అప్పుడు మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే.

ఇంత చూసినా స్టార్ట్ కాకపోతే ఆటోలో వేసుకుని పోండి, అందులో తప్పేమీ లేదు. కంప్యూటర్ బిగించి చూడాల్సినవి ఇప్పుడు నిజంగానే ఉన్నాయి. కానీ "స్టార్ట్ కావట్లేదు" అని ఊరుకోకుండా, "పంపు శబ్దం వస్తోంది, ప్లగ్గు తడిగా ఉంది, స్పార్కు లేదు, కొత్త ప్లగ్గు వేసి చూశాను" అని చెప్పండి. ఆ నాలుగు మాటలతో మెకానిక్ పని సగం తగ్గుతుంది, మనకి పడే బిల్లు కూడా. మంచి మెకానిక్ అయితే సంతోషిస్తాడు.

ఇంకో మాట. మన ముందు తరం పెద్దగా చదువుకోలేదు. అయినా మాగ్నెట్టు విప్పి పాయింట్లు సరిచేశారు. మన పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు, ఫోనులో అన్నీ చూస్తారు, ప్లగ్గు ఎక్కడుంటుందో అడిగితే చాలామందికి తెలియదు. అది వాళ్ల తప్పు కాదు. బండి ఆగకుండా నడిచినన్నాళ్లూ చూపించే అవసరం మనకీ రాలేదు. ఈ ఆదివారం బండి బాగున్నప్పుడే కొడుకునీ కూతురునీ పిలిచి ఒకసారి ప్లగ్గు ఊడదీసి చూపించండి. పంపు శబ్దం వినిపించండి. వేలు పెట్టించి ఒత్తిడి చూపించండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే సుమా.

ప్లగ్గు పానా ఒకటి, బండికి సరిపడే కొత్త ప్లగ్గు ఒకటి, ఫ్యూజులు రెండు. వీటికయ్యే ఖర్చు టౌనుకి ఒకసారి ఆటో కిరాయి కన్నా తక్కువే. కొని సీటు కింద పెట్టుకోండి.